చితకని నిమ్మకాయ

నీలిమ అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. తను నమ్మి ఎవరి చేతిలో బిడ్డను పెట్టి వచ్చిందో, ఆ చెయ్యే బిడ్డకు కీడు చేస్తుందేమోనని.

మిగతా భయాలు ఆమెను పెద్దగా అంటలేదు. మదనపల్లెలో టైలరు షాపు పైగదికి డిటెక్టివ్ బోర్డు తగిలించిన రోజు నుంచి బెదిరింపులు వింటూనే ఉంది. పెళ్లి సంబంధాల ఆరాలు, పోయిన బండ్ల వెతుకులాట, అదీ ఆమె పని. తొమ్మిదో తరగతితో బడి మాన్పించారు కాబట్టి పెద్ద పెద్ద కేసులు ఆమె దగ్గరికి రావు. వచ్చినవాటిని మాత్రం వదిలిపెట్టదు. కానీ నాలుగేళ్ల చిన్నిని పక్కింటి బుజ్జమ్మకు అప్పజెప్పి స్కూటీ ఎక్కిందంటే చాలు, గుండె కుదురుగా ఉండదు. ఈ పొద్దు కూడా గఫార్ సైకిల్ షాపు చేరేలోపల రెండుసార్లు బండి పక్కకు ఆపి ఫోన్ చేసింది.

"ఈడే ఉండాది తల్లీ, ఉప్మా తింటాండాది. నువ్వు ఇట్లా నిమిష నిమిషానికీ ఫోన్ చేస్తాంటే నేను కూర తాలింపు వేసేదెప్పుడు?" అంది బుజ్జమ్మ రెండోసారి.

షాపులో అబ్దుల్ గఫార్ స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు. అతని భార్య అజీజాబీ గడపలో నిలబడి రోడ్డు వైపే చూస్తోంది. నీలిమను పిలిపించింది ఆమే.

"ఎస్సై సాయంత్రం వస్తానని చెప్పినాడమ్మా. మా ఆయన్ను తీసుకొని పోతాడంట. అంతలోపల ఏదన్నా చెయ్యి," అంది.

జరిగింది ఇది. నిన్న ఉదయం పుంగనూరు అవతల గుట్ట మీద, పోటీకి సాధన చేస్తూ అరుణ్ కుమార్ అనే కుర్రాడు సైకిల్ మీద నుంచి తలకిందులుగా పడ్డాడు. దవడ విరిగి, మాట లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు. అది కొండ దారుల్లో తొక్కే సైకిలు. ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకునే ఫోర్కులో గాలి ఉంటుంది. రాళ్ల దెబ్బ చేతులకు తగలకుండా ఫోర్కు దిగుతుంది, మళ్లీ లేస్తుంది. నిన్న దిగిన ఫోర్కు లేవలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊర్లలోనూ అలాంటి ఫోర్కు విప్పి బిగించగలిగినవాడు గఫార్ ఒక్కడే. దాన్ని చివరిసారి సరిచేసిందీ అతనే. పుంగనూరు ఎస్సై మునిశేఖర్‌కు అంతకంటే అక్కరలేకపోయింది.

"భాయ్, నాకు మామూలు సైకిలే సరిగా తొక్కడం రాదు. నాకు అర్థమయ్యేట్ల చెప్పు. ఆ ఫోర్కుకు ఏం చేసినావు?"

"చేయాల్సింది చేసినా." గఫార్ కసురుకున్నాడు. "ఎస్సై కూడా ఇదే అడిగినాడు. సగం చెప్పకముందే రాసేసుకున్నాడు."

"నేను రాసుకోను. సూపించు."

అతను విసురుగా లేచి, గోడకు వేలాడుతున్న పాత ఫోర్కును దించి నేల మీద నిలబెట్టాడు. పైనుంచి రెండు చేతులతో నొక్కాడు. మెరిసే గొట్టం కింది గొట్టంలోకి దిగి, మళ్లీ పైకి వచ్చింది.

"మనిషి కూసుంటే ఇది నాలుగో వంతు దిగాల. బరువు మనిషికి గాలి ఎక్కువ, తేలిక మనిషికి తక్కువ. గొట్టం మీద ఈ రబ్బరు రింగు సూడు. దిగినప్పుడు ఫోర్కు దీన్ని పైకి తోస్తాది. లేసినప్పుడు రింగు మాత్రం ఆడనే నిలబడిపోతాది. ఎంత దిగిందో అదే సాక్ష్యం."

"అడుగున ఈ ఎర్ర బిళ్ల?"

"రీబౌండు. దిగింది ఎంత తొందరగా లేయాల అనేది దీంతో పెడతాం. ఈ పక్క కుందేలు బొమ్మ, ఆ పక్క తాబేలు. కుందేలు పక్క తిప్పితే ఎగిరి చేతులను తంతాది. తాబేలు పక్క చివరికంటా తిప్పితే లేసేలోపలే ఇంకో రాయి వస్తాది, ఇంకొంచెం దిగతాది. మళ్లీ రాయి, మళ్లీ దిగుడు. చివరికి ముందర చక్రం కూలబడి మనిషి ఎగిరి అవతల పడతాడు." గఫార్ తల విదిలించాడు. "నేను మధ్యలో పెట్టినా. ఇద్దరికీ."

"ఇద్దరికీనా?"

"రెండు సైకిళ్లు కదా వచ్చింది. ఒకటి అరుణ్‌ది, ఒకటి కుప్పం అమ్మాయి అనితది. అచ్చం ఒకే రకం. అరుణ్ ఎనభై కేజీలు ఉంటాడు. ఆ పాప యాభై కూడా లేదు. కలిసిపోకుండా హ్యాండిల్‌కు టేపు చుట్టినా. అరుణ్‌కు నల్లది, అనితకు పచ్చది. నా షాపులో అదే పద్ధతి."

"సైకిళ్లు ఎప్పుడు ఇచ్చేసినావు?"

"మొన్న, ఆయుధపూజ రోజు."

ఆయుధపూజ నాడు గఫార్ షాపులో ఒక ఆచారం ఉంది. గిరాకీలు వచ్చి తమ సైకిళ్లకు, బండ్లకు పూజ చేసుకుంటామంటే అతను కాదనడు. స్పానర్లు, పంపులు, సుత్తులు అన్నీ తుడిచి ఒక పలక మీద పేర్చి ఇచ్చి, తను బయట స్టూలు వేసుకుని కూర్చుంటాడు. పసుపు కుంకుమలు పడిన పనిముట్టును మరుసటి రోజు పొద్దున దాకా ముట్టడు. చక్రం గాలి పోయిందని ఎవరు వచ్చి బతిమాలినా రేపు రమ్మంటాడు.

"రెండిటికీ అనితే పూజ చేసింది," అన్నాడు గఫార్. గొంతు కొంచెం మెత్తబడింది. "ఫోర్కు నెత్తిన గాలి వాల్వు మూత ఉంటాది, దాని మీద కూడా పసుపు ముద్ద మెత్తేసింది. మూత మీద వద్దు పాపా, మళ్లీ విప్పేటప్పుడు నాకే కష్టమంటే వినలే. సైకిలు ఊపిరంతా ఈడే కదా అంకుల్, బొట్టు ఈడే పెట్టాల అనింది. మధ్యాహ్నానికి గంగాధర్ సార్ వ్యాన్ తెచ్చి రెండూ ఎక్కించుకొని పాయె."

గంగాధర్ ఆ పిల్లలకు కోచ్. పుంగనూరులో అతనికొక షెడ్డు ఉంది. పిల్లలకు సైకిళ్లు ఇప్పించి, పోటీలకు తన వ్యాన్‌లోనే తిప్పుతాడని చుట్టుపక్కల మంచి పేరు.

"ఆ తర్వాత నువ్వు ఆ మూత ముట్టుకోలేదు?"

"పనిముట్లు పూజలో ఉంటే యాడ ముట్టుకునేది?"

చెప్పినంతా నిజంలాగే ఉంది. కానీ గఫార్ కాలి బొటనవేలు నేల మీద ఒకే చోట గీస్తోంది. నీలిమ దాన్నే చూస్తూ ఊరుకుంది. ఊరుకుంటే మనుషులు ఉండలేరని ఆమెకు తెలుసు. గఫార్ ఉన్నాడు గానీ, అజీజాబీ ఉండలేకపోయింది.

"నిమ్మకాయ సంగతి చెప్పు," అంది మొగుడితో.

"నువ్వు ఊరుకో."

"ఊరుకుంటే జైలుకు పోయేది నువ్వు, అన్నం క్యారియర్ మోసేది నేను. చెప్పు."

ఆమే చెప్పింది. పూజ అయినాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అనిత సైకిల్ కింద పెట్టింది చక్కగా చితికింది. అరుణ్‌ది చితకలేదు, జారి కాలువలో పడింది. ఇంకోటి పెడితే అదీ జారింది. పిల్లాడి ముఖం నల్లబడిపోయింది.

"నిమ్మకాయకూ ఫోర్కుకూ ఏం సంబంధం?" గఫార్ గొంతు లేచింది. "ఇది బయటికి పోతే రేపు ఏమంటారు? సాయిబు షాపులో పూజ చేసుకుంటే ఇట్లే అయితాది అంటారు. మళ్లీ ఏడాది ఎవడూ రాడు. అందుకే నోరు మూసుకున్నా."

నీలిమ లేచింది. పలక మీద ఉన్న చిన్న పంపును తీసుకుంది. ఫోర్కులకు వాడేది అదొక్కటే, దానికి గాలి ఎంతుందో చూపే ముల్లు ఉంది. గొట్టం మూతి మీద మొన్నటి కుంకుమ బొట్టు చెదరకుండా అలాగే ఉంది. ముందు దానికి ఫోటో తీసుకుంది.

"ఇది నాకు కావాల. వచ్చేదాకా షాపు దాటి యాడికీ పోవద్దు భాయ్."

"యాడికి పోతా? ఎస్సైకి మర్యాద చేయాల కదా," అన్నాడు గఫార్.

పుంగనూరు షెడ్డు తలుపులు తెరిచే ఉన్నాయి. వాచ్‌మన్ వెంకటముని బయట బీడీ కాలుస్తున్నాడు. లోపల ఎస్సై మునిశేఖర్, పడిపోయిన సైకిల్ పక్కన కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు.

"రండి మేడమ్, రండి. ఏం, సైకిల్‌కు సంబంధం ఏమన్నా చూస్తాండారా?"

"తంబళ్లపల్లె బండి దొరికిందేమో, చూసిపోదామని వచ్చినా సార్."

టీ గ్లాసు ఆగిపోయింది. నెల కిందట తెల్లవారుజామున తంబళ్లపల్లె దారిలో గంగప్ప అనే గొర్రెల కాపరిని ఏదో బండి గుద్ది చంపి, ఆపకుండా వెళ్లిపోయింది. అప్పుడు మునిశేఖర్ అక్కడే ఎస్సై. బండి దొరకలేదు. ఆ ఫైలు మూయకుండానే అతన్ని పుంగనూరుకు మార్చారు. తోటివాళ్లు ఇప్పటికీ దాన్ని గుర్తుచేస్తూనే ఉంటారు.

"దొరకతాది," అన్నాడు అతను. "గంగప్ప పెళ్లాం వారానికి ఒకసారి నాకు ఫోన్ చేస్తాది మేడమ్. మీరు గుర్తు చేయక్కరలేదు. వచ్చిన పని చూసుకోండి. ఏదీ చెరపొద్దు."

నీలిమకు తన మాట తనకే గుచ్చుకుంది. సైకిల్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. రబ్బరు రింగు గొట్టానికి చిట్టచివర, పైన ఆనుకుని ఉంది.

"పూర్తిగా కూలబడింది సార్."

"అది నాకూ తెలుసు. చూసినా. బ్రేకు గుర్తులు లేవు నేల మీద. ముందు చక్రం ఒక్కసారి కూరుకుపోయింది. గాలి నిలవలేదు, లోపలి గాలినీ నూనెనూ ఆపే సీలు కారింది. అంటే పని సరిగా చేయలేదు."

అతను తెలివిలేనివాడు కాదు. నీలిమకు ఆ సంగతి తెలుసు, అందుకే మాట కంటే ముందు చేతిరుమాలు తీసింది. తెల్లని రుమాలుతో గొట్టం చుట్టూ గట్టిగా తుడిచి అతని ముందు పెట్టింది. రుమాలుకు దుమ్ము అంటింది, జిడ్డు అంటలేదు.

"సీలు కారితే నూనె రావాల."

"అయితే వాల్వు మూత బిగించలేదు."

"మూత మీ టార్చితో చూడండి."

మునిశేఖర్ ఫోన్ లైటు వేసి వంగాడు. అనిత మెత్తిన పసుపు ముద్ద మూతనూ, దాని చుట్టూ ఉన్న లోహాన్నీ కలిపి ఒకే పెచ్చుగా ఎండి ఉంది. మూత చుట్టూరా మాత్రం ఆ పెచ్చు గుండ్రంగా పగిలింది. అంచుల్లో పసుపు పొడి రాలి ఉంది.

"బిగించిన మూత మీద పసుపు పెట్టింది సార్ ఆ పాప. ఎండినాక ఎవరో విప్పినారు. ఎండేసరికి సైకిల్ మదనపల్లెలో లేదు. మొన్న మధ్యాహ్నానికే ఈ షెడ్డుకు వచ్చేసింది."

మూత విప్పింది. లోపల వాల్వు నడుమ ఉండే సన్నని పుల్ల మీద పసుపు పొడి నలిగి అంటుకుని ఉంది. పసుపు వేళ్లతోనే మూత తీసి, ఆ వేళ్లతోనే దేన్నో పట్టుకుని దాన్ని నొక్కి గాలి వదిలేశారు. నీలిమ పంపు బిగించింది. ముల్లు అడుగున కొంచెం కదిలి పడుకుంది.

"పిడికెడు గాలి కూడా లేదు," అంది. "ఇప్పుడు ఆ ఎర్ర బిళ్ల చూడండి, కుడి గొట్టం అడుగున. ఏ బొమ్మ పక్క ఉండాది?"

"తాబేలు." మునిశేఖర్ దాన్ని ఇంకా తిప్పబోయాడు. తిరగలేదు. "చివరికి ఉండాది. పడినప్పుడు తిరిగిందేమో."

"సైకిలు ఎడమ పక్కకు పడింది. గీతలన్నీ ఎడమ పక్కే."

అతను లేచి, హ్యాండిల్ పట్టుకుని బరువంతా వేసి ఫోర్కును నొక్కాడు. అది కిందికంటా దిగింది. వదిలేస్తే, రాత్రంతా జ్వరంతో పడుకున్న ముసలివాడు మంచం మీద నుంచి లేచినట్టు, మెల్లగా, ఆగి ఆగి లేచింది. మళ్లీ నొక్కి మళ్లీ చూశాడు. మూడోసారి నొక్కలేదు.

"సరే," అన్నాడు. "ఎవరో చేసినారు. కానీ ఎవరు చేస్తారు? నేనూ ఊరికే కూసోలేదు మేడమ్. ఊర్లో, కాలేజీలో అడిగినా. ఆ అరుణ్‌కు శత్రువులే లేరు. వాడికి కీడు చేయాలని ఎవరికుంటాది?"

నీలిమ వినడం లేదు. ఆమె చూపు హ్యాండిల్ మీద ఆగిపోయింది. మట్టి కొట్టుకుపోయిన పట్టు దగ్గర టేపు ఉంది. వేలితో రుద్దింది. పచ్చ రంగు బయటపడింది.

"వాడికి కాదు సార్," అంది. "ఇది అరుణ్ సైకిల్ కాదు."

మునిశేఖర్ వెంకటమునిని కేకేశాడు. వాచ్‌మన్ బీడీ పడేసి లోపలికి వచ్చి, అడిగినదానికి తడుముకోకుండా చెప్పాడు.

"మార్చుకున్నారు సార్, గుట్ట మీద. నేనే ఆటోలో సైకిళ్లు పైకి ఎక్కించినా. దించతానే అరుణ్ నేను దీన్ని తొక్కనన్నాడు. నిమ్మకాయ జారిపోయిందంట, మొన్నటి నుంచి వాడి మనసు బాగలేదు. అనిత నవ్వి, నాకు నిమ్మకాయ భయం లేదన్నా, నాది తీసుకో అనింది. సీటు నేనే పైకి లేపి ఇచ్చినా. ఎక్కి కూసోని, మరీ మెత్తగా ఉండాదే అన్నాడు. పాప సైకిల్ కదా, అట్లే ఉంటాదిలే అంటి. ఆడ నుంచి నేరుగా దిగుడే సార్."

"గంగాధర్ చూడలేదా?" అడిగింది నీలిమ.

"సార్ కింద ఉండె. విజిల్ వేసుకొని."

"పడినాడని సార్‌కు చెప్పింది ఎవరు?"

"నేనే ఫోన్ చేస్తి. సైకిల్ పడిపాయె సార్, మనిషి లేయలేదు అంటి. అంతే, ఫోన్ పెట్టేసి పైకి ఉరికొచ్చినాడు పాపం. వస్తా వస్తానే, అనితకు ఊపిరి ఉండాదా, అనితకు ఊపిరి ఉండాదా అని. అనితకేం కాలేదు సార్, అరుణ్ అంటే, అట్లే నిలబడిపోయినాడు. ఆ పాప అంటే అంత ప్రేమ సార్‌కు."

మునిశేఖర్ వాచ్‌మన్‌కు దగ్గరగా వచ్చి నిలబడ్డాడు.

"ఇది నాకు నిన్న యాల చెప్పలేదు?"

"మీరు అడగలేదు సార్. గఫార్ పని బాగా చేస్తాడా లేదా, అదొక్కటే అడిగితిరి."

"ఇప్పుడు గంగాధర్ యాడుండాడు?"

"పొద్దున్నే వ్యాన్ తీసుకొని కుప్పం పోయినాడు. అనిత నిన్ననే భయపడి ఇంటికి పోయింది కదా. భయం పోవాలంటే మళ్లీ సైకిల్ ఎక్కించాలని, ఆ రెండోది ఏసుకొని పోయినాడు."

నీలిమ అప్పటికే ఫోన్ తీసింది. అనిత నంబరు వెంకటముని దగ్గర దొరికింది. మోగి మోగి ఆగిపోయింది. వాళ్ల అమ్మ రాజమ్మ కుప్పంలో ఒక హాస్టల్లో వంట చేస్తుందని, ఆమె నంబరు కూడా ఉందని చెప్పాడు. నీలిమ చేసి స్పీకర్ పెట్టింది. గిన్నెల చప్పుడు మధ్య ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"రాజమ్మక్కా, నా పేరు నీలిమ. మదనపల్లె నుంచి మాట్లాడతాండా. అనిత ఇంట్లో ఉండాదా?"

"లేదు తల్లీ. సార్ వచ్చి పిలుచుకొని పాయె. అరగంట అయిండొచ్చు. గుడుపల్లె పక్క గుట్టలకు."

"ఒక్కదాన్నేనా?"

"ఒక్కతి యాడ? సార్ తోడుండాడు కదా. ఇంక భయమేముంది?"

నీలిమ ఫోన్‌ను నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

"అక్కా, ఈ మధ్య అనిత ఏదన్నా చెప్పిందా? సార్ గురించి?"

"సార్‌ను ఒక్క మాట అననీదు. కాకపోతే నెల నుంచి సరిగా నిద్ర పోదు." గిన్నెల చప్పుడు ఆగింది. రాజమ్మ గొంతు తగ్గించింది. "నువ్వు ఎవరో తెలీదు, చెప్పొచ్చో లేదో. తంబళ్లపల్లె పక్క పందేనికి పోయి తిరిగొస్తాంటే, తెల్లారుజామున వ్యాన్ ఒక గొర్రెలాయనకు తగిలిందంట. మిగతా పిల్లోళ్లంతా నిద్రలో ఉంటే ఇదొక్కటే చూసింది. ఆయప్ప పోయినాడని తర్వాత తెలిసి ఒకటే ఏడుపు. పోటీ అయిపోతానే నేనే స్టేషన్‌కు పోయి ఒప్పుకుంటా, అంతదాకా ఎవరికీ చెప్పొద్దని సార్ ఒట్టు పెట్టించుకున్నాడంట. మీరు పోకపోతే నేను పోతా సార్ అని ఇది కూడా ఒట్టు పెట్టిందంట. మంచి మనిషి తల్లీ, మాట తప్పడు."

మునిశేఖర్ ముఖం చూడటానికి నీలిమకు ధైర్యం చాలలేదు. అతని ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"అక్కా, ఇంకొక్కటి. పోయే ముందర సార్ సైకిల్‌ను ఏమన్నా ముట్టుకున్నాడా?"

"ఎంత జాగ్రత్తో సార్‌కు. ఇది అరుణ్ సైకిలు కదమ్మా, పాప తేలిక, దీనికి మెత్తగా ఉండాల అని, ముందర పైపు మీది మూత తీసి తాళంచెవితో నొక్కినాడు. సుయ్యిమని గాలి పాయె. కింద ఎర్రది కూడా ఏదో తిప్పినాడు. నా ఎదురుగానే సరిచేసి ఇచ్చినాడు. యాలమ్మా, ఏమయ్యింది?"

ఫోన్‌ను మునిశేఖర్ అందుకున్నాడు. ఒక్కో మాటా ఆపి ఆపి మాట్లాడాడు.

"అమ్మా, నేను పుంగనూరు ఎస్సైని. అనితకు ఫోన్ చేస్తానే ఉండు. ఎత్తితే, సైకిల్ ఎక్కొద్దని చెప్పు. సార్ ఎక్కమన్నా ఎక్కొద్దు, నడుచుకుంటా రోడ్డు మీదికి రమ్మను. ఎవరన్నా మనుషులు ఉండే చోట నిలబడమను. నేను వస్తాండా."

అతను కుప్పం స్టేషన్‌కు చెబుతూనే జీపు వైపు పరుగెత్తాడు. కుప్పం పోలీసులకు ఆ గుట్టలు దగ్గర. కానీ ఏ గుట్టో ఎవరికి తెలుసు? తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగాడు.

"గఫార్‌కు చెప్పండి. సాయంత్రం నేను రాను. మీరు ఎక్కండి."

జీపు కదిలింది. నీలిమ గఫార్‌కు ఒక్క ముక్క చెప్పి పెట్టేసి, అనితకు చేసింది. మోగుతోంది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. నిమ్మకాయకు భయపడని పిల్ల, తన చేత్తో పసుపు మెత్తిన మూతే తన ప్రాణం తీయబోయిందని తెలియని పిల్ల, ఈ పాటికి ఏ గుట్ట నెత్తిన నిలబడి హెల్మెట్ బిగించుకుంటోందో. పక్కన నిలబడినవాడు, భయం లేదు దిగమ్మా అంటున్నాడేమో. మూడోసారి మోగి ఆగిపోయాక ఆమె వేళ్లు వాటంతటవే బుజ్జమ్మ నంబరు నొక్కాయి.

"మళ్లీనా?" అంది బుజ్జమ్మ.

"చిన్నికి ఫోన్ ఇయ్యి అత్తా. ఉండాదని నువ్వు చెప్పొద్దు. దానికే ఇయ్యి."

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఎక్కడో దూరం నుంచి చిన్న అడుగుల చప్పుడు దగ్గరకొచ్చి, "అమ్మా, బొమ్మ తెస్తాండావా?" అని వినిపించింది. నీలిమ తెస్తానంది. పెట్టేసి, నాలుగోసారి అనితకు చేసింది. మోగుతోంది.

ఇది చదువుతున్నవారికి ఒక్క మనవి. అనిత ఫోన్ ఎత్తిందా లేదా అన్నది తర్వాత చూడవచ్చు. మీ ఇంట్లో నుంచి ఈ పొద్దు ఏ బిడ్డ అయినా ఒకరి తోడుతో బయటికి వెళ్లి ఉంటే, ఈ పుస్తకం ఇక్కడ బోర్లించి పెట్టి ముందు ఫోన్ చేయండి. తోడు వెళ్లినవారికి కాదు, ఆ బిడ్డకే చేయండి. గొంతు వినిపించేదాకా చేస్తూనే ఉండండి.